భాగం 9: చెట్టు మీద నుంచి తాడుతో దిగడం – రెండో ఆధారం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు తాడు మీద దిగే మనిషి ప్రాణం ఏయే క్షణాల్లో ఒకే వస్తువు మీద ఆధారపడుతుందో గుర్తించగలుగుతారు. ఆ వస్తువు విఫలమైతే పట్టుకునే రెండో ఆధారాన్ని ఎలా ఏర్పాటు చేస్తారో వివరించగలుగుతారు. తాడులోని లూజు వల్ల శరీరం మీద పడే బలాన్ని లెక్కకట్టగలుగుతారు.

9.1 విషయ పరిచయం

ఎండాకాలంలో నెల్లూరు నుంచి సంగం మీదుగా ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళ్లేవారికి రోడ్డు పక్కన తాటి ముంజలు అమ్మేవాళ్లు కనిపిస్తారు. ఆ గెలలు కోయడానికి ఎవరో ఒకరు చెట్టెక్కారు. కోసిన తరవాత అలిసిన చేతులతో, చెమట పట్టిన అరికాళ్లతో దిగారు. ఎక్కేటప్పుడు ఉండే బలం, ఏకాగ్రత దిగేటప్పుడు ఉండవు. పని అయిపోయిందన్న ధీమా మాత్రం ఉంటుంది.

15 మీటర్ల తాటిచెట్టు కొన నుంచి పట్టు తప్పితే నేలను చేరడానికి దాదాపు 1.75 సెకన్లు పడుతుంది. నేలను తాకేటప్పటి వేగం సెకనుకు సుమారు 17 మీటర్లు, అంటే గంటకు 60 కిలోమీటర్ల పైమాటే. ఆ వ్యవధిలో ఆలోచించడానికి, దేన్నయినా అందుకోవడానికి వీలుండదు. అందుకే రెండో ఆధారాన్ని ముందే, నేల మీద ఉండగానే సిద్ధం చేసుకోవాలి.

కొండలెక్కేవారు తాడు మీద జారుతూ దిగే పద్ధతిని రాపెల్లింగ్ అంటారు. ఆల్ప్స్ పర్వతాల్లో 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ఇప్పుడు చెట్ల కొమ్మలు నరికేవారు, అడవిలో పక్షి గూళ్లను పరిశీలించేవారు, అగ్నిమాపక సిబ్బంది కూడా వాడుతున్నారు. అమెరికాలో చెట్టుకు కట్టిన పట్టీలో కూర్చొని జింకల కోసం కాపు కాసే వేటగాళ్లు కూడా ఇలాగే దిగుతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత అలాంటి వేటకు తావు లేదు. అయితే చెట్టు ఎవరి కోసమూ ఎత్తు తగ్గించుకోదు కాబట్టి, వారు దిగే పద్ధతిలోని జాగ్రత్తలు ముంజలు కోసేవారికి, తేనె తీసేవారికి, చింతకాయ దులిపేవారికి కూడా పనికొస్తాయి.

9.2 మోకు చేసే పని, చేయని పని

గీత కార్మికుడి సరంజామాలో ముఖ్యమైనది మోకు. చెట్టు మాను చుట్టూ, మనిషి నడుము వెనక చుట్టూ తిరిగే గట్టి తాడు అది. మనిషి వెనక్కి వాలినప్పుడు మోకు మానును ఒరుసుకొని బిగుస్తుంది. పాదాల దగ్గరి గుజి మానును పట్టుకుంటుంది. ఒక అడుగు వేయాలంటే శరీరాన్ని మానుకు దగ్గరగా తెచ్చి, మోకును వదులు చేసి, జరిపి, మళ్లీ వెనక్కి వాలాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మోకు వదులైన ఆ అర సెకనులో మనిషిని పట్టుకొని ఉన్నది పాదాలు మాత్రమే. మాను వానకు తడిసి ఉన్నా, కందిరీగలు ముసిరినా, ఆసరాగా పట్టుకున్న ఎండు మట్ట ఊడివచ్చినా ఆ అర సెకనే ప్రమాదం తెస్తుంది. "మోకు జారి పడ్డాడు" అని పత్రికల్లో వచ్చే వార్తల్లో మోకు తెగి ఉండనక్కర లేదు. అది వదులుగా ఉన్న సమయంలో కాలు జారి ఉండవచ్చు. అంటే మోకు మంచి ఆధారమే గాని, ఒంటరి ఆధారం.

దీనికి రెండు రకాల పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది, మాను చుట్టూ ఒకటి కాక రెండు పట్టులు ఉంచి, ఒకటి జరిపేటప్పుడు రెండోది బిగిసి ఉండేలా చూడడం. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యువతకు ఇస్తున్న చెట్టెక్కే శిక్షణలో వాడే పరికరం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. దానికి కుడికాలికి ఒక చట్రం, ఎడమకాలికి ఒక చట్రం ఉంటాయి. ఒకటి కదిలేటప్పుడు రెండోది మానును కరిచిపట్టుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించిన 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు కూడా ఒంటి మోకు మీద ఆధారపడడాన్ని తగ్గించడానికి ఉద్దేశించినవే. గౌడులు కొలిచే దేవుడి పేరు ఆ కిట్లకు పెట్టారు.

రెండో పరిష్కారం, పైనుంచి వేలాడదీసిన తాడు మీద దిగడం. ఈ భాగంలో వివరంగా చెప్పుకొనేది దీని గురించే. అయితే ఇది అందరికీ సరిపోదు. రోజుకు పది చెట్లు ఎక్కే గీత కార్మికుడు ఒక్కో చెట్టు దగ్గర తాడు కట్టి, పరీక్షించి, దిగి, తాడు దింపుకోవడానికి 5 నిమిషాలు అదనంగా వెచ్చిస్తే ఆ పూటకు 50 నిమిషాలు పోతాయి. ఆయన ఆ పని చేయరు, చేయమని చెప్పడం కూడా న్యాయం కాదు. ఆయనకు తగినది రెండు పట్టుల పద్ధతి. ఏడాదికి కొద్ది రోజులు ముంజలు కోసేవారికి, పెద్ద చెట్ల కొమ్మలు కొట్టేవారికి, పరిశోధన కోసం ఎక్కేవారికి తాడు పద్ధతి సరిపోతుంది.

9.3 తాడు మీద దిగడంలో పనిచేసే సూత్రం

మనిషి నడుముకు, తొడలకు హార్నెస్ అనే పట్టీ ఉంటుంది. దానికి క్యారబైనర్ అనే తాళం కొక్కెం, దానికి డిసెండర్ అనే లోహపు పరికరం తగిలిస్తారు. తాడు డిసెండర్‌లో మెలిక తిరిగి కిందికి వెళుతుంది. ఆ మెలికలో పుట్టే రాపిడి శరీరం బరువులో చాలా భాగాన్ని మోస్తుంది. మిగిలిన కొద్ది బలాన్ని డిసెండర్ కిందుగా తాడును పట్టుకున్న చేయి అందిస్తుంది. దీన్ని బ్రేకు చేయి అందాం. ఆ చేయి తాడును వదలనంత వరకు దిగడం నెమ్మదిగా సాగుతుంది. వదిలితే డిసెండర్ ఒక్కటే ఆపలేదు.

కాబట్టి ఈ ఏర్పాటులో ఒంటరిగా ఉన్న వస్తువులు నాలుగు: పైన తాడు కట్టిన చోటు, తాడు, డిసెండర్‌ను హార్నెస్‌కు కలిపే కొక్కెం, బ్రేకు చేయి. వీటిలో లోహం విఫలం కావడం అరుదు. మంచి క్యారబైనర్ నిలువునా 20 కిలోన్యూటన్లకు పైగా, అంటే సుమారు 2 టన్నుల బరువును తట్టుకుంటుంది. అడ్డంగా తిరిగి మానుకు నొక్కుకుంటే మాత్రం ఆ బలం మూడో వంతుకు పడిపోవచ్చు. నాలుగింటిలో అన్నిటికంటే బలహీనమైనది చేయి. తేనెటీగ కుట్టినా, కళ్లు తిరిగినా, పైనుంచి మట్ట వచ్చి భుజం మీద పడినా అది తెరుచుకుంటుంది. రెండో ఆధారం మొదట అవసరమయ్యేది అక్కడే.

9.4 బ్రేకు చేతికి రెండో ఆధారం: రాపిడి ముడి

ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో వెల్లడించిన ముడి ఆయన పేరు మీదే ప్రసిద్ధమైంది. సన్నతాడుతో చేసిన వలయాన్ని పెద్దతాడు చుట్టూ మూడు చుట్లు తిప్పి దానిలోంచే లాగితే ప్రూసిక్ ముడి వస్తుంది. బరువు లేనప్పుడు తాడు మీద పైకీ కిందికీ జరుగుతుంది. బరువు పడగానే బిగుసుకొని ఆగిపోతుంది. దీని తమ్ముడు లాంటిది ఆటోబ్లాక్. సన్నతాడును నాలుగైదు చుట్లు తిప్పి, రెండు కొసలనూ ఒకే కొక్కేనికి తగిలిస్తారు. ఆటోబ్లాక్‌ను బిగిసిన తరవాత విడిపించడం తేలిక కాబట్టి దిగేటప్పుడు దీన్నే ఎక్కువగా వాడతారు.

సన్నతాడు పెద్దతాడు కంటే సన్నగా ఉండాలి. 10 లేదా 11 మిల్లీమీటర్ల తాడుకు 6 మిల్లీమీటర్ల సన్నతాడు సరిపోతుంది. రెండూ ఒకే లావుంటే ముడి పట్టదు. తాడు కొత్తదై నున్నగా ఉన్నా, తడిసి ఉన్నా ఒక చుట్టు పెంచాలి.

పూర్వం ఈ ముడిని డిసెండర్‌కు పైన కట్టేవారు. అక్కడ ముడి బిగిస్తే శరీరం బరువంతా దాని మీదే పడుతుంది. దాన్ని విడిపించాలంటే మనిషి తనను తాను పైకి ఎత్తుకోవాలి, నడి చెట్టున వేలాడుతూ అది అందరికీ సాధ్యం కాదు. డిసెండర్‌కు కింద, బ్రేకు చేయి ఉండే చోట కడితే బరువులో ఎక్కువ భాగం డిసెండరే మోస్తుంది. ముడి చేయాల్సింది ఇంతకుముందు చేయి చేసిన పని మాత్రమే. అందుకే బిగిసినా వేళ్లతో జరిపి మళ్లీ దిగడం మొదలుపెట్టవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ముడి బిగిసినప్పుడు పైకి లాగబడి డిసెండర్‌ను తాకితే, డిసెండర్ ఆ ముడిని నెట్టి వదులు చేస్తుంది. అప్పుడు ఆధారం ఉన్నా లేనట్టే. దీన్ని తప్పించడానికి డిసెండర్‌ను నేరుగా నడుముకు కాక, ఒక మూరెడు పొడవు పట్టీతో ఛాతీ ఎత్తుకు తేవాలి. ముడి వలయాన్ని మాత్రం హార్నెస్ ముందు భాగానికి పొట్టిగా తగిలించాలి. ముడిని వీలైనంత పైకి లాగి చూసినా డిసెండర్‌కు కనీసం జానెడు కింద ఆగిపోవాలి. నేల మీద ఉండగానే ఈ కొలత చూసుకోవాలి.

మరో విషయం చాలా పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. నా ఉద్దేశంలో ఈ భాగం మొత్తంలో ముఖ్యమైనది ఇదే. దిగేటప్పుడు బ్రేకు చేయి ముడిని మెల్లగా కిందికి నెడుతూ ఉంటుంది. భయం పుట్టినప్పుడు మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. ఇక్కడ చేతిలో ఉన్నది ముడి. దాన్ని గట్టిగా పట్టుకొని కిందికి లాగితే అది బిగియదు, మనిషి జారుతూనే ఉంటాడు. ముడి పనిచేయాలంటే చేయి వదలాలి. భయం వేసినప్పుడు వదలడం మనసుకు విరుద్ధమైన పని, చదివితే రాదు. నేలకు మీటరు ఎత్తులో వేలాడుతూ, పక్కనున్నవారు హఠాత్తుగా "వదులు" అన్నప్పుడు రెండు చేతులూ గాల్లోకి ఎత్తడం పదులసార్లు సాధన చేయాలి. సాధ్యమైనంత వరకు ముడిని పిడికిలితో కాక బొటనవేలు, చూపుడువేలు కలిసే చోటుతో నెట్టడం అలవాటు చేసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక విద్యార్థి 10 మిల్లీమీటర్ల తాడు మీద 9 మిల్లీమీటర్ల సన్నతాడుతో ఆటోబ్లాక్ కట్టి, దాన్ని డిసెండర్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఉంచాడు. ఇందులో ఉన్న రెండు లోపాలు ఏవి? వాటిలో ఏది నేల మీద పరీక్షించినప్పుడు వెంటనే బయటపడుతుంది, ఏది బయటపడకపోవచ్చు? జవాబు రాసిన తరవాతే ముందుకు చదవండి.

9.5 తాడు, తాడు కట్టే చోటు

బజారులో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడు చవక. అది ఎక్కువగా పాలీప్రొపిలీన్. సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, మన ఎండకు కొద్ది నెలల్లోనే పెళుసెక్కుతుంది. వేగంగా దిగితే డిసెండర్ దగ్గర పుట్టే వేడి దాన్ని మెత్తబరచవచ్చు. కొబ్బరిపీచు తాడు పైకి బాగున్నా లోపల కుళ్లి ఉండవచ్చు. మనిషిని మోయడానికి లోపల పోగులు, పైన అల్లిక తొడుగు ఉన్న నైలాన్ తాడునే వాడాలి. హార్నెస్ కొనేటప్పుడు దాని మీద భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3521 గుర్తు ఉందో లేదో చూడాలి.

నైలాన్‌కు ఉన్న శత్రువు పదును. తాటి మట్ట అంచులకు రంపం పళ్లుంటాయి. బరువు మోస్తున్న తాడు ఆ అంచు మీద అటూఇటూ ఒరుసుకుంటే తొడుగు చిరిగిపోతుంది. బిగువుగా ఉన్న తాడుకు కత్తి కొస తగిలినా చాలు, కోయనక్కర లేదు. కాబట్టి తాడు దిగే దారిలోని మట్టలను ముందే కొట్టివేయాలి. తాడు మీద బరువు వేసే ముందు కత్తి ఒరలోకి వెళ్లాలి. గెలను చేత్తో పట్టుకొని దిగకూడదు. దాన్ని వేరే తాడుతో ముందే దించేయాలి.

తాటిచెట్టుకు కొమ్మలుండవు. మట్టలు ఎంత పచ్చిగా ఉన్నా వాటికి మనిషి బరువు కట్టకూడదు. కమ్మల గుంపుకు దిగువన మాను చుట్టూ, బరువు పడేకొద్దీ బిగిసే ఉచ్చులా తాడు కట్టాలి. చింత, మామిడి లాంటి చెట్ల మీద కట్టేటప్పుడు తొడంత లావున్న పచ్చికొమ్మను, అది మానులో కలిసే మొదట్లో ఎంచుకోవాలి. చెట్టు మీద నుంచి తాడును కిందినుంచే లాగి తీసుకునే ఏర్పాటు ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. అందులో బరువు మోసే పాయ, లాగే పాయ అని రెండుంటాయి. చీకటి పడే వేళ పొరపాటున లాగే పాయ మీద దిగితే ఉచ్చు విచ్చుకుంటుంది. రెండు పాయలూ వేర్వేరు రంగుల్లో ఉంచడం మంచిది.

తాడు కింది కొసన అడ్డుముడి వేయాలి. కొస నేలను తాకుతున్నట్టు కళ్లకు కనిపిస్తున్నా వేయాలి. గుబురు చెట్ల మీద కొస కొమ్మకు చుట్టుకొని నేలకు మూడు మీటర్ల పైనే ఆగిపోవచ్చు. ముడి లేకపోతే తాడు డిసెండర్‌లోంచి జారిపోతుంది. ముడికి అవతల జానెడున్నర కొస మిగలాలి.

9.6 మోకు నుంచి తాడుకు మారే క్షణం

చాలామందికి ప్రమాదం దిగేటప్పుడు కాక, దిగడం మొదలుపెట్టే క్షణంలో జరుగుతుంది. మోకు విప్పిన తరవాత డిసెండర్ సరిగా తగలలేదని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల మోకు మీద వాలి ఉండగానే డిసెండర్, రాపిడి ముడి రెండూ తగిలించాలి. క్యారబైనర్ తాళం తిప్పి, వేలితో నొక్కి చూడాలి. తరవాత మోకు ఉండగానే శరీరం బరువును మెల్లగా తాడు మీదికి మార్చాలి. బ్రేకు చేయి వదిలి ముడి పట్టిందో లేదో చూడాలి. పైన ఉచ్చు జరిగిందేమో తలెత్తి చూడాలి. ఇవన్నీ అయ్యాకే మోకు విప్పాలి.

మోకు విప్పకుండా దాన్ని కూడా జరుపుకుంటూ దిగితే మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. నున్నని తాటిమాను మీద మొదటి మీటరు, రెండు మీటర్లు అలా చేయవచ్చు. ఆ తరవాత మోకు జరపడానికి రెండు చేతులూ కావాలి, బ్రేకుకు ఒక చేయి కావాలి. చేతులు చాలవు. కొమ్మలున్న చెట్టు మీదైతే మోకు కొమ్మను దాటనే దాటదు.

9.7 లూజు లెక్క

రెండో ఆధారం ఉండడం ఒక్కటే చాలదు, అది బిగువుగా ఉండాలి. 70 కిలోల మనిషి నడుముకు కట్టిన రెండో తాడులో 1 మీటరు లూజు ఉందనుకోండి. మొదటి ఆధారం పోగానే ఆయన 1 మీటరు పడి, తాడు సాగి మరో 10 సెంటీమీటర్లలో ఆగుతాడు. పడడంలో, ఆగడంలో కలిపి పోయే శక్తి 70 × 9.8 × 1.1, అంటే సుమారు 755 జౌళ్లు. దాన్ని 0.1 మీటరుతో భాగిస్తే సగటు బలం 7,550 న్యూటన్లు. అది ఆయన బరువుకు 11 రెట్లు. నడుముకు ఒట్టి తాడు కట్టుకున్నవారి వెన్నెముకకు, పక్కటెముకలకు అది ఏం చేస్తుందో ఊహించండి.

లూజు 10 సెంటీమీటర్లే ఉంటే? 70 × 9.8 × 0.2 అంటే 137 జౌళ్లు. 0.1తో భాగిస్తే 1,370 న్యూటన్లు, బరువుకు 2 రెట్లు మాత్రమే. కుదుపు తగులుతుంది, ఎముక విరగదు. తాడు అదే, ముడి అదే, మనిషి అదే. తేడా అంతా లూజులో ఉంది. దిగే పనికి వాడే తాళ్లు తక్కువగా సాగే రకం కాబట్టి ఈ లెక్క మరీ ముఖ్యం.

9.8 కింద నిలబడే మనిషి

నల్లమల చెంచులు కొండచరియల్లోని తేనెపట్టుల కోసం తాడు మీద దిగుతారు. పైన తాడు దగ్గర కాపలాకు బావమరిదిని ఉంచుతారని చెబుతారు. అక్క పసుపుకుంకుమలు ఆ తాడులో ఉన్నాయి కాబట్టి అతను ఏమరడన్నది అందులోని లెక్క. రక్షణ శాస్త్రంలో దీనికి పేరు లేదు గాని, తాడు దగ్గర ఎవరిని నిలబెట్టాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

రాపెల్లింగ్‌లో ఈ మనిషి కింద ఉంటాడు. దిగే మనిషి వేగం పెరిగినా, చేయి వదిలినా, కింద ఉన్నవారు తాడు కొసను గట్టిగా కిందికి లాగితే డిసెండర్‌లో రాపిడి పెరిగి మనిషి ఆగిపోతాడు. దీనికి పెద్ద బలం అవసరం లేదు, కన్ను మాత్రం పైనే ఉండాలి. చేతిలో ఫోను ఉండకూడదు. నిలబడాల్సింది చెట్టు మొదట్లో కాదు. మట్ట, కత్తి, గెల పడే చోటికి రెండు మూడు మీటర్లు పక్కగా, తాడు చేతిలో ఉంచుకొని నిలబడాలి.

రాపిడి ముడి ఉండగా ఈ మనిషి ఎందుకని అడగవచ్చు. ముడి పైవాడి తప్పును కాస్తుంది. కింది మనిషి ముడి కట్టడంలోని తప్పును కూడా కాస్తాడు.

9.9 మనిషి ఆగిపోయిన తరవాత

ముడి పట్టింది, మనిషి పడలేదు. కానీ కందిరీగలు కుట్టి స్పృహ తప్పి 8 మీటర్ల ఎత్తులో వేలాడుతున్నాడు. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, గుండెకు, మెదడుకు చేరేది తగ్గుతుంది. నిమిషాల్లో అది ప్రాణాంతకం కావచ్చు. స్పృహలో ఉన్నవారైతే కాళ్లు ఆడిస్తూ ఉండాలి, వీలైతే తాడుకు వేసిన వలయంలో పాదం పెట్టి నిలబడుతూ ఉండాలి.

స్పృహ లేనివారిని దించడానికి వేరే ఏర్పాటు కావాలి. తాడును పైన మానుకు ముడివేయడానికి బదులు, పైన కట్టిన ఒక ఉక్కు రింగులోంచి పోనిచ్చి, రెండో కొసను చెట్టు మొదట్లో మరో డిసెండర్‌తో కడతారు. అవసరమైతే కింది మనిషి ఆ డిసెండర్‌లోంచి తాడు వదులుతూ పైవాడిని నేలకు దించవచ్చు. 15 మీటర్ల చెట్టుకు పైకి 15, కిందికి 15, వదలడానికి మరో 15, అంటే కనీసం 45 మీటర్ల తాడు కావాలి. ముడులకు మరికొంత కలుపుకోవాలి. ఈ పద్ధతిలో పైన రింగు కట్టిన చోట దాదాపు రెట్టింపు భారం పడుతుందని మరవకండి. మొదట్లో కట్టిన ముడిని తెలియక విప్పేవారు ఉండవచ్చు కాబట్టి అక్కడ ఎర్రగుడ్డ కట్టి, పిల్లలను, మేకలను దూరంగా ఉంచాలి.

దించిన తరవాత మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఊపిరి చూడాలి, 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం ఆలస్యం చేయకూడదు. నిజంగా కిందపడిన మనిషైతే మెడ, నడుము కదిలించకూడదు. లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, ఆటోలో ముడుచుకొని పడుకోబెట్టి తీసుకుపోవడం వెన్నుపూసకు తగిలిన దెబ్బను శాశ్వతంగా చచ్చుబడిపోయే స్థితికి తెస్తాయి. పొలం మధ్య నుంచి 108కి "ఫలానా వాళ్ల తాటితోపు" అంటే దారి తెలియదు. పని మొదలుపెట్టే ముందే దగ్గరి రోడ్డు, ఆ రోడ్డు మీద బండి ఆగాల్సిన చోటు, అక్కడికి ఎదురు వెళ్లే మనిషి ఎవరో అనుకొని ఉండాలి. తాడు కొస పట్టుకున్న మనిషి ఆ పనికి వెళ్లలేడు, అంటే చెట్టు కింద కనీసం ఇద్దరుండాలి.